శుక్రవారం కదలని కారు

పుదుచ్చేరిలో మోటారు పని నేర్చుకోవాలని ఈమధ్య చాలామంది పిల్లలు షెడ్డుల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళలో మన తెలుగిళ్ళ వాళ్ళు కొందరు నా అరుగు మీదికి వచ్చి, ఆ కాలంలో పని ఎట్లుండేది తాతా అని అడుగుతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. వాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరాలు రావని నాకు తెలుసు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కచేరీలో ఫ్రెంచి అయ్యేసరికి మన అక్షరాల వంతు వచ్చేలోపల పిల్లల చదువు అయిపోతుంది. ఎవరైనా చదివి వినిపిస్తే సంతోషం. వినిపించకపోయినా పెద్ద నష్టం లేదు, నోటితో చెప్పినప్పుడు మాత్రం ఎవరు విన్నారు గనక.

నేను ఏ ఏడు పనిలో చేరాను, ఎప్పుడు మేస్త్రీనయ్యాను, ఏ దొర నా వీపు తట్టాడు అనేవి రాయను. వాటివల్ల ఏ ఇంజనూ బాగుపడదు.

దొరలు ఓడెక్కితే కార్లు మాకు

మా షెడ్డు పెద్ద కాలువకు ఇవతల, మనవాళ్ళు ఉండే వైపు. అవతలంతా తెల్లవాళ్ళ వీధులు. కొత్త కారు మా గడప తొక్కగా నేను చూడలేదు. దొరలు తమ దేశం నుంచి కారు తెప్పించుకుని, దాని వయసు ఉన్నన్నాళ్ళు తిరిగి, ఓడెక్కే ముందు ఊళ్ళో ఏ చెట్టియారుకో ఏ నాయుడికో అమ్మేసి పోయేవారు. కొన్నవాడికి కారుతోపాటు దాని వాతం, పిత్తం, శ్లేష్మం అన్నీ దక్కేవి.

పెద్ద కార్ల సంగతి మరీను. నాలుగు తలుపులు, కిటికీలకు పట్టు తెరలు, పూలు పెట్టుకోవడానికి వెండి గొట్టం. డ్రైవరుకూ యజమానికీ నడుమ అద్దం, ఆ అద్దం వెనక నుంచి హుకుం చెప్పడానికి ఒక రబ్బరు గొట్టం. ఇంత హంగు ఉన్న బండికి జబ్బు చేస్తే పైకి చెప్పుకోవడం యజమానికి నామోషీ. ‘ఊరికే ఒకసారి చూసిపో’ అని కబురు వచ్చిందంటే బండి పదిరోజులుగా మూలపడి ఉందని అర్థం.

ముసలి కార్లకు మన ఊళ్ళో వచ్చే జబ్బులు ఇంచుమించు ఒకటే. ఉప్పుగాలికి తీగల కొసలు చిలుము పట్టి దీపాలు ఆరిపోతాయి. తీగలకు చుట్టిన గుడ్డంటే ఎలుకలకు ప్రాణం. ఎండాకాలంలో కొయ్య చక్రాల ఆకులు, అంటే చువ్వలు, ఎండి కిర్రుమంటాయి, నీళ్ళు చల్లితే ఉబ్బి మళ్ళీ బిగుస్తాయి. ఇంజనును చల్లబరిచే నీళ్ళ పెట్టె, అదే రేడియేటరు, ఒకసారి కారడం మొదలుపెడితే ఎన్ని అతుకులు వేసినా ఇంకోచోట కారుతుంది. వీటన్నిటికీ మందులున్నాయి. మందు లేనిది యజమాని సొంత వైద్యానికి.

బాహూరు దగ్గర పొలాలున్న ఒక పెద్దమనిషి, రేడియేటరు కారుతోందని ఎవరో చెప్పిన మాట విని అందులో రాగిపిండి పోయించాడు. కారడం ఆగింది, నిజమే. బండి బాహూరు దాకా పోయేసరికి లోపల సంకటి ఉడికింది. నేను మూత విప్పితే కమ్మని వాసన వచ్చింది. ఆయన నా భుజం మీదుగా తొంగి చూసి, “ఉప్పు వెయ్యలేదు, అదొకటే కొదువ” అన్నాడు. తన తప్పుకు తాను నవ్వగలిగిన యజమానిని నా జీవితంలో అరుదుగా చూశాను గనక ఆయన్ను ఇక్కడ తలచుకుంటున్నాను.

ఇంకొకాయన తన డ్రైవరుకు పొగరెక్కిందని, ఏం చెప్పినా వినడంలేదని మా దగ్గర మొరపెట్టుకున్నాడు. చూద్దును గదా, హుకుం చెప్పే గొట్టంలో కందిరీగ మట్టి తెచ్చి ఇల్లు కట్టుకుంది. యజమాని వెనక కూర్చుని అరుస్తున్నాడు, డ్రైవరు ముందు హాయిగా తోలుతున్నాడు. గొట్టం శుభ్రం చేసి ఇచ్చాక ఆ డ్రైవరు నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

మా మెస్యే

షెడ్డు యజమానిని అందరం మెస్యే అనేవాళ్ళం, ఫ్రెంచిలో అయ్యగారని. ఓడల్లో ఇంజన్లు చూసి చూసి, ఒక ప్రయాణంలో ఇక్కడ దిగి, మళ్ళీ ఎక్కని ఫ్రెంచివాడు. మాతో అరవంలోనే మాట్లాడేవాడు, తిట్లకు మాత్రం ఫ్రెంచి వాడేవాడు. ‘పాసియాన్స్’ అని ఒక మాట ఎప్పుడూ ఆయన నోట ఉండేది. ఓపిక అని దాని అర్థం. ఇంజను దగ్గర వంగి, చంటిబిడ్డను లాలించినట్టు పాసియాన్స్, పాసియాన్స్ అనేవాడు. మేము ఒక మర బిగించడం ఆలస్యం చేస్తే మటుకు ఆ మాట ఆయనకు గుర్తు వచ్చేది కాదు.

కోపిష్టి. తాను చేసిన తప్పు పక్కవాడి మీద పెట్టడానికి వెనకాడేవాడు కాదు. అయినా ఆయన దగ్గర నేర్చుకున్న ఒక్క సంగతితో నేను బతికాను. బండి దగ్గరికి పోగానే ‘ఏమైంది’ అని అడగవద్దనేవాడు. ఏమైందో యజమానికి తెలియదు, తెలిసినట్టు చెప్తాడు, అది విని మనం చెడిపోతాం. ‘ఇది చెడకముందు మీరు దీన్ని ఏం చేశారు’ అని అడగమనేవాడు. పిల్లల్లారా, మీరు మరలు, పట్టకార్లు అన్నీ నేర్చుకుంటారు. ఈ ప్రశ్న అడగడం మాత్రం నామోషీ అనుకుంటారు. అనుకోవద్దు.

వరదరాజులు నాయుడుగారి ఇల్లు

ఆ ప్రశ్న నన్ను ఒక ఇంట్లో ఇరికించింది. ఆ సంగతి చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

వరదరాజులు నాయుడుగారు బట్టల వ్యాపారి. నాలుగు తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం. ఆయన తండ్రి బ్రాందీ అలవాటుతో చిన్నవయసులోనే పోయాడు. ఈయనకూ ఆ అలవాటే వచ్చింది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఇంకా తాగితే తండ్రి దారే అని తల్లి ఎదుటే చెప్పాడు. తల్లి పేరు ఆండాళమ్మ. చిన్న మనిషి, మెల్లని గొంతు, ఇల్లంతా ఆమె చెప్పినట్టే నడిచేది. కొడుకు తాగుడు ఒక్కటే ఆమె మాట వినలేదు.

నాయుడుగారు ఇంట్లో తాగేవాడు కాదు, ఆ మర్యాద ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం కాలువ అవతల ఒక దొర ఇంట్లో విందు ఉండేది. శుక్రవారం వాళ్ళు మాంసం ముట్టరట. ఆ లోటు సీసాలతో పూడ్చుకునేవారు. మిగతా ఆరురోజులు నాయుడుగారు నిమ్మరసం తాగి, ఆ ఒక్క సాయంత్రం అన్నిటికీ కలిపి తాగి, మోసుకొస్తే ఇల్లు చేరేవాడు.

కారు కొనక ముందు ఆయన ఆ విందుకు పుష్‌పుష్‌లో పోయేవాడు. ఇప్పటి పిల్లలు దాన్ని సరిగా చూసి ఉండరు. ముందు సీట్లో ఎక్కినవాడు చుక్కాని కడ్డీ పట్టుకుని దారి చూసుకుంటాడు, వెనక నుంచి మనిషి తోస్తాడు. కూర్చున్నవాడిది పెత్తనం, తోసేవాడిది చెమట. మన ఊరి ప్రభుత్వం కూడా అదే పద్ధతిలో నడిచేది కాబట్టి ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఒకసారి కారు కొన్నాక నాయుడుగారు మళ్ళీ పుష్‌పుష్ ఎక్కడం జరగని పని. కార్లలో దిగే దొరల ముందు ఆయన పుష్‌పుష్‌లో దిగితే పరువు ఏమవుతుంది. నడిచి పోతే పావుగంట కూడా పట్టదు, కాని నడక మాట ఆయన తలలోకే రాలేదు.

ఇంతకూ కారుకు వచ్చిన జబ్బు ఏమిటంటే, శుక్రవారం సాయంత్రం అది ఎత్తుకోదు. మిగతా రోజులు బంగారంలాంటి బండి. శుక్రవారం పొద్దుగూకిందంటే, ముందు కడ్డీ దూర్చి ఎంత తిప్పినా ఇంజను ఉలకదు, పలకదు. ఊళ్ళో ఆడవాళ్ళు అది విని, లక్ష్మీదేవి శుక్రవారం ఇల్లు కదలదు గదా అని ఆ కారును చూడటానికి వచ్చి దండం పెట్టుకుని పోయేవాళ్ళు. నాయుడుగారికి అటు గర్వం, ఇటు దాహం. ఆ దాహమంతా డ్రైవరు మునుసామి మీద తిట్లుగా పడేది.

మునుసామి ఒకప్పుడు జట్కా తోలినవాడు. షెడ్డుకు వచ్చి నా ఎదుట చతికిలబడ్డాడు.

“శుక్రవారం వొస్తాందంటే నాకు చావేనన్నా. తిప్పీ తిప్పీ భుజం పోయింది. శనివారం పొద్దున చెయ్యి పెడితే చాలు, ఎత్తుకుంటాది. నేను కావాలని చేస్తాండానని అయ్య అంటాడు. నా గుర్రం యాడన్నా అట్ల చేసిందా?”

“గుర్రం మాట ఇప్పుడెందుకు మునుసామీ?”

“దానికి దినాలు తెలీదన్నా. అందుకే మంచిది.”

నేను పోయింది శనివారాలు. శుక్రవారం కబురు పెడితే శనివారం గదా మేము చేరేది. పోయేసరికి బండి చక్కగా తిరిగేది. నూనె చూసి, తీగలు చూసి, పెట్రోలు దారి ఊది, ఏమీ దొరక్క తిరిగి వచ్చేవాణ్ణి. మెస్యే నన్ను ఫ్రెంచిలో తిట్టి, “శనివారం ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి చూసి శుక్రవారం జ్వరం ఎట్లా కనిపెడతావు? శుక్రవారమే పో. దాన్ని ఏం చేస్తారో చూడు” అన్నాడు.

తలస్నానం

దీపాలు పెట్టేవేళకు ముందుగా పోయి వాకిట్లో ఒక పక్కన కూర్చున్నాను. ఆండాళమ్మ వచ్చింది. వెనక పనిమనిషి, ఆమె చేతిలో నీళ్ళ బిందె. కారుకు స్నానం. అందులో వింత ఏమీ లేదు, బండికి స్నానం చేయించి పసుపు కుంకుమ పెట్టని ఇల్లు మన ఊళ్ళో ఏది. అయితే అందరూ పొద్దున చేయిస్తారు. ఈమె పొద్దుగూకేవేళ చేయిస్తోంది. రెండో సంగతి, అందరూ పైపైన పోస్తారు. ఈమె మునుసామిని పిలిచి ఇంజను మూత తెరిపించింది.

“తలకి పొయ్యకుండా స్నానమెట్లయితాది? మూత ఎత్తరా” అంది.

మునుసామి భక్తితో మూత ఎత్తి కళ్ళు మూసుకున్నాడు. ఆమె చెంబుతో పసుపునీళ్ళు లోపల పోసింది. నేను లేచి చూశాను. నీళ్ళు తిన్నగా మాగ్నెటో మీద పడుతున్నాయి. నిప్పురవ్వ పుట్టించే చిన్న పెట్టె అది, బండికి గుండెకాయ. తడి తగిలిందంటే రవ్వ దారి తప్పుతుంది, తడి ఆరితే మళ్ళీ మామూలే. మేడ మీద నాయుడుగారు మీసానికి పన్నీరు రాసుకుంటూ పాట పాడుకుంటున్నాడు. వాకిట్లో ఏం జరుగుతోందో చూసే తీరిక ఆయనకు ఎక్కడిది.

జబ్బు దొరికినందుకు ఎగిరి గంతేయాలనిపించింది. మరుసటి వారం మాగ్నెటోకు సరిపోయేట్టు ఒక తోలు తొడుగు కుట్టించి పట్టుకుపోయాను. ఆండాళమ్మ వెనక వరండాలో కూర్చుని వత్తులు చేసుకుంటోంది. నన్ను రమ్మని చెయ్యి ఊపింది.

“ఏందిరా నారాయణా, నీ చేతిలో?”

“తొడుగు అవ్వా. లోపల ఒక పెట్టె ఉంది, దానికి తడి తగలకూడదు. ఇది వేస్తే మీరు ఎన్ని నీళ్ళు పోసినా ఏమీ కాదు.”

“వేస్తే ఏమైతాది?”

“శుక్రవారం కూడా బండి ఎత్తుకుంటాది.”

ఆమె వత్తి పక్కన పెట్టింది. “ఎత్తుకుంటే వాడు యాడికి పోతాడు?”

నేను తొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాను.

“కొన్న కొత్తలో ఒక నాడు, ఎవరో మూత తెరిచి పెట్టినారు. నేను చూసుకోకుండా చెంబుడు నీళ్ళు పోసినా. ఆ పొద్దు బండి కదల్లా. వాడు ఇంట్లోనే ఉండిపోయి చారన్నం తిని పండుకున్నాడు. అంతకన్న నాకు ఏం కావాలిరా?” అంది. మళ్ళీ వత్తి చేతిలోకి తీసుకుని, “వాళ్ళ నాయనని ఆపలేకపోతి. అప్పుడు మాకు ఎద్దులబండి. ఎద్దులకి నీళ్ళు పోస్తే ఇంకా బాగా పరిగెత్తుతాయి” అంది.

నవ్వు వచ్చింది, నవ్వలేకపోయాను. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

“మునుసామి ఉద్యోగం పోతాదేమో అవ్వా. అయ్య వాడి మీద కోపంగా ఉన్నాడు.”

“వాణ్ణి పంపించేది ఎవరు? ఈ ఇంట్లో జీతం ఇచ్చేది నేను. నువ్వు పోయి మావాడికి ఏదన్నా చెప్పు. మీ పనిలో అర్థం కాని మాటలు బోలెడుంటాయి గదా.”

ఆ మాట నిజం. నేను నాయుడుగారి ముందు నిలబడి, బండి ముసలిదయిందనీ, సముద్రం మీదినుంచి పొద్దుగూకేవేళ వచ్చే గాలి దానికి పడదనీ, మాగ్నెటో, అయస్కాంతం, ఆవిరి అనీ ఒక పావుగంట చెప్పాను. ఆయన తల ఊపాడు. శుక్రవారం ఒక్కరోజే ఆ గాలి ఎందుకు వీస్తుందని ఆయన అడగలేదు. అర్థం కాని మాటలు చెప్పేవాణ్ణి ఎవరూ ప్రశ్న అడగరు.

షెడ్డుకు తిరిగి వచ్చి మెస్యేకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన చుట్ట ఆర్పి, తొడుగు చేతిలోకి తీసుకుని, కుట్టు చూసి, “బాగా కుట్టారు. దాచిపెట్టు” అన్నాడు. అప్పటిదాకా నాకు ఆయనంటే భయమే ఉండేది. ఆ రోజు నుంచి ఇష్టం కూడా కలిగింది.

ఒక శుక్రవారం

అట్లా చాలాకాలం జరిగింది. నాయుడుగారి ముఖం తేటపడింది, పొట్ట తగ్గింది. శుక్రవారం తన ఇంటి లక్ష్మి కదలదని ఆయనే నలుగురికీ చెప్పుకునేవాడు.

ఒక శుక్రవారం దీపాలవేళ వాళ్ళింటి మనిషి పరిగెత్తుకుంటూ షెడ్డుకు వచ్చాడు. ఆండాళమ్మకు మధ్యాహ్నం నుంచి గుండెలో నొప్పి, ఆస్పత్రికి తీసుకుపోవాలి, ఏం చేసైనా బండి కదిలించాలని కబురు. నేను సంచీ, పొడిగుడ్డలు పట్టుకుని పరిగెత్తాను. పోయేసరికి వాకిట్లో కారు నింపాదిగా తిరుగుతోంది. మునుసామి ఒక్క తిప్పు తిప్పాడట, ఎత్తుకుందట. వాడు ఇంకా చేతిలో కడ్డీతో బిత్తరపోయి నిలబడి ఉన్నాడు. నాయుడుగారు బానెట్టు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

“శుక్రవారం గదా నారాయణా, ఎట్ల ఎత్తుకునింది?”

ఆమె ప్రాణం మీద ఉన్న భయంలో నా నోటికి అబద్ధం అందలేదు.

“ఈ పొద్దు స్నానం కాలేదయ్యా” అన్నాను.

ఆయన నన్ను చూశాడు, ఇంజను మూత చూశాడు, మెట్ల మీదినుంచి కుర్చీలో దించుతున్న తల్లిని చూశాడు. మనిషి ఒక్కసారిగా వయసు మీద పడ్డట్టు అయ్యాడు. ఆమె నొప్పిలో కూడా నా వైపు తిరిగి, “నిన్ను నమ్మినా గదరా” అంది. జీవితంలో నన్ను చాలామంది తిట్టారు గాని, ఆ మాట తగిలినట్టు ఏదీ తగల్లేదు.

నేను మునుసామి పక్కన కూర్చున్నాను. ఆస్పత్రికి పోవాలంటే విందు జరిగే ఇంటి ముందునుంచే పోవాలి. లాంతర్లు వెలుగుతున్నాయి, లోపల పియానో వాయిస్తున్నారు. వెనక ఆమె ఏదో అంది. అద్దం ఉంది గనక వినపడదు, కాని గొట్టం ఉంది గదా.

“బండి నడుస్తాంది చూడు. ఇంక నిన్ను ఎవరాపుతారు?”

 వెనక్కి తిరిగి చూస్తే, నాయుడుగారు తల్లి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వంగి ఉన్నాడు.

తొడుగు

ఆమె ఆస్పత్రి నుంచి ఇంటికి రాలేదు.

కర్మలు అయిపోయాక ఒక శుక్రవారం, పొద్దు వాలేవేళ రమ్మని నాయుడుగారు కబురు పెట్టాడు. నేను బయలుదేరబోతూంటే, విందులిచ్చే కాలువ అవతలి దొరగారి నౌకరు మా షెడ్డు ముందు ఎదురయ్యాడు. నాయుడుగారిని విందుకు పిలవడానికి పోయి వస్తున్నానన్నాడు. నాయుడుగారు నన్ను ఎందుకు రమ్మన్నాడో అర్థమైందనుకున్నాను. రహస్యం తెలిసిపోయింది, ఆపే తల్లి లేదు, బండిని శుక్రవారానికి కూడా పనికివచ్చేట్టు చెయ్యమంటాడు. పని చెయ్యనని చెప్పే హక్కు మేస్త్రీకి లేదు. తోలు తొడుగు వెతికి సంచీలో వేసుకుని, దగ్గరదారి ఉన్నా చుట్టుదారిన పోయాను.

వాకిట్లో ఇంజను మూత తెరిచి ఉంది. నాయుడుగారు పంచె ఎగగట్టి, పక్కన బిందె పెట్టుకుని, చేతిలో చెంబుతో నిలబడి ఉన్నాడు. మునుసామి కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాడు. పసుపునీళ్ళు ఇంజను మీద ఎక్కడపడితే అక్కడ పోసి ఉన్నాయి. ఆయన నా వైపు చూడకుండా అడిగాడు.

“అమ్మ యాడ పోస్తాండె నారాయణా?”

నేను సంచీ కింద పెట్టి, వంగి, మాగ్నెటో చూపించాను.

“ఇక్కడయ్యా. ఇంకొంచెం పొయ్యండి” అన్నాను.